మాస్టారి ఎడమ భుజం

మా ఆయనకు సూదిలో దారం ఎక్కించడం రాదు. చొక్కా గుండీ ఊడితే దాన్ని జేబులో వేసుకుని ఇంటికొస్తారు. నేను కుట్టిపెట్టేదాకా ఆ చొక్కా కుర్చీ మీద వేలాడుతూనే ఉంటుంది. అలాంటి మనిషికి దర్జీల వీధిలో జరిగే మర్యాద చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆయన కనబడగానే మిషన్లు ఆగుతాయి, టీ వస్తుంది, స్టూలు మీదున్న గుడ్డపీలికలు పక్కకు పోతాయి. ఆ వీధిలో ఆయన పేరు కొలతలాయన. నేను బళ్ళో ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నా అక్కడ నన్ను కొలతలాయనగారి భార్య అనే అంటారు. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత అలవాటైపోయింది.

ఆయన చేసేది కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం. ప్రోగ్రాములు అన్నాను గాని నిజానికి జీవితమంతా రాసింది ఒక్కటే. మనిషి కొలతలు ఇస్తే కోటుకో చొక్కాకో కావలసిన ముక్కలన్నీ అది కాగితం మీద గీసి ఇస్తుంది. ఆ కాగితం బట్ట మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసి, కత్తెర వేసుకోవడమే.

మొదట్లో అందరికీ ఒకే ప్రోగ్రాం అమ్మారు. కొన్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు, వాడినవాళ్ళు వీధి వీధంతా. పొద్దున ఒక దుకాణంలో పెట్టి వస్తే సాయంత్రానికి అది పక్క దుకాణంలో ఉండేది. అడిగితే ఎవరి మొహంలోనూ తప్పు చేసిన కళ కనబడేది కాదు. పక్కవాడు కత్తెర అడిగితే ఇవ్వమా, ఇదీ అంతే కదా అనేవారు. మా ఆయన తాళాలు పెట్టారు. ఆయన ఒకటి పెడితే ఎవడో ఒకడు దాన్ని విప్పేవాడు. మళ్ళీ ఇంకో తాళం. ఆ రోజుల్లో ఇంట్లో ఆయనతో మాట్లాడాలంటే నాకే భయంగా ఉండేది. ఇల్లు నా జీతంతో గడిచేది. ఆ మాట నేనెప్పుడూ ఎత్తలేదు, ఆయన ఎప్పుడూ మరిచిపోలేదు.

అలాంటప్పుడు ఒక దుకాణంలో దొంగతనం జరిగింది. తలుపు పక్కన అమ్మకానికి తగిలించిన రెడీమేడ్ చొక్కాలన్నీ పోయాయి. వాటి పక్కనే ఖరీదైన బట్టతో కుట్టిన ఒక కోటు ఉంది, దాన్ని మాత్రం దొంగ ముట్టుకోలేదు. అది పెద్ద పొట్టా, పొట్టి చేతులూ ఉన్న ఒక మిఠాయి వ్యాపారి కోసం కుట్టింది. మా ఆయన ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి వచ్చేశారు.

"రెడీమేడ్ చొక్కా ఎవడైనా ఎత్తుకుపోతాడే. ఒక ఒంటికి కొలిచి కుట్టిన కోటు పట్టుకుపోయి ఎవడేం చేసుకుంటాడు?" అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. పప్పు మాడుతోందని చెప్పి అవతలికి పంపేశాను.

ఆ మాట నుంచే ఆయన బతుకు తెరువు పుట్టింది. తాళాల గొడవ చాలావరకు వదిలేశారు. ఎవరైనా ప్రోగ్రాం కొంటే ఆ దుకాణంలో రోజుల తరబడి కూర్చునేవారు. కటింగ్ చేసే ప్రతి మాస్టారికీ ఒక చెయ్యి ఉంటుందట. ఒకాయన చంక కిందుగా తీస్తాడు, ఒకాయన కాలరును మెడకు దగ్గరగా తెస్తాడు, ఇంకొకాయన నడుము దగ్గర ఎవరూ ఇవ్వనంత లూజు ఇస్తాడు. మా ఆయన ఆ మాస్టారి చేత ఒకే కోటు మళ్ళీ మళ్ళీ కోయించి, టేపు పెట్టి కొలిచి, ఆ చెయ్యి ఎక్కడ ఎంత వంపు తిరుగుతుందో పట్టుకుని ప్రోగ్రాంలో పెట్టేవారు. తెరవగానే ఆ మాస్టారి ఫొటో, పేరు, దాని కింద 'ఇది ఈయన చెయ్యి' అన్న మాట కనిపించేవి. గీసిన ప్రతి కాగితం మూలనా ఆ పేరే పడేది. చెయ్యి కాలంతో మారుతుంది కాబట్టి ఏడాదికోసారి మా ఆయనే వెళ్ళి మళ్ళీ కొలిచి, కొత్త తాళం అంకె వేసి వచ్చేవారు. ఆ అంకె వెయ్యకపోతే ఏడాది తిరగ్గానే ప్రోగ్రాం తెరుచుకోదు.

దాంతో కాపీలు ఆగిపోయాయి. పొద్దున్నే ఇంకొకడి మొహం తన కంప్యూటర్లో చూడడానికి ఏ మాస్టారు ఒప్పుకుంటాడు? ఇంకొకడి చేతి కోటును తనదని చెప్పుకోవడం వాళ్ళలో తలవంపులు. కొన్న ప్రతివాడికీ మా ఆయన ఒక మాట ఇచ్చేవారు, నీ చెయ్యి ఇంకొకరి పాలు కానివ్వనని. ఆ మాట మీదే వాళ్ళు తమ పనితనాన్ని ఆయన ముందు దాపరికం లేకుండా పరిచేవారు.

వీధి చివర, మెట్లెక్కి వెళ్ళే గదిలో పెద్దమాస్టారు ఉండేవాడు. అందరికంటే చివర కొన్నవాడు ఆయనే. మా ఆయన్ని "ఏమయ్యా కంప్యూటరూ" అని పిలిచేవాడు. ఎన్నిసార్లు వెళ్ళినా టీ ఇప్పించి పంపేవాడే తప్ప లొంగేవాడు కాదు. చివరికి చేతికి వణుకు మొదలయ్యాక తనే కబురు పెట్టాడు.

అందరూ బట్టను మధ్యకు మడిచి రెండు భుజాలూ ఒక్క కత్తెరతో కోస్తారు. పెద్దమాస్టారు మడిచేవాడు కాదు. ఏ మనిషికీ రెండు భుజాలూ ఒకేలా ఉండవని, దేనికది విడిగా గీసేవాడు. పొడవాటి బల్ల మీద ఎడమ మోచెయ్యి ఆనించి, ఒంగి, కుడిచేత్తో సుద్ద నడిపేవాడు. బల్లకు అవతల, ఎదురుగా, చిన్న స్టూలు మీద ఆయన కూతురు కూర్చుని కాజాలు కుట్టేది. ఎన్ని కోట్లకు కాజాలు కుట్టమన్నా తల ఎత్తకుండా కుట్టేదిగాని, ఆ పిల్ల చేతికి కత్తెర ఏనాడూ ఇవ్వలేదాయన. ఎడంచేతి వాటం పిల్ల, కత్తెర దానికి తిరగదు అనేవాడు. నేను ఒకసారి బ్లౌజు ఇవ్వడానికి వెళ్ళి ఆ మాట విన్నాను. ఆ అమ్మాయి తల వంచుకునే పళ్ళతో దారం కొరికింది.

ఆయన చెయ్యి కొలుస్తున్నప్పుడు మా ఆయనకు ఒక సంగతి దొరికింది. ఎవరి కోటైనా సరే, ఎడమ భుజం అరంగుళం దిగి ఉంటోంది. ఎడమ మోచేతి మీద బరువు వేసి ఏళ్ళ తరబడి ఒంగడంవల్ల మాస్టారి ఒళ్ళే అటు ఒరిగింది, ఆ ఒరుగు గీతలోకీ దిగింది. ఊళ్ళోవాళ్ళ భుజాల్లో తేడా పట్టేవాడు తన చేతిలో తేడా ఎప్పుడూ చూసుకోలేదు. పెద్దవాళ్ళ కోట్లలో భుజాల కింద దూది ప్యాడింగు ఉంటుంది కాబట్టి అది పైకి తెలియలేదు. మా ఆయన నసుగుతూ చెప్పి, ప్రోగ్రాంలో సరిచేయమంటారా అని అడిగారట. మాస్టారు ఆ కాగితం మీద భుజం గీత వెంట వేలు నడిపాడట.

"ఉండనివ్వు. అది తీసేస్తే అది నా చెయ్యెట్లా అవుద్ది?" అన్నాడట. తర్వాత ఇంకో మాట అన్నాడు. "నేను పోయాక దీన్ని మూసెయ్యి. నా చెయ్యి నాతోనే పోవాలి. మాటివ్వు."

మా ఆయన మాట ఇచ్చారు.

మాస్టారు పోయిన తర్వాత ఈయన ఆ గదికి వెళ్ళేసరికి కొడుకు మిషన్లు, బల్ల, కంప్యూటరు, ఆఖరికి కత్తెరతో సహా అమ్మేసి గది ఖాళీ చేశాడు. మూయడానికి అక్కడేమీ మిగల్లేదు. ఆ రోజు ఈయన అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కున్నారు. పని దానంతట అదే ముగిసిందనుకున్నాం ఇద్దరం.

తర్వాత కొన్నేళ్ళకు మా బళ్ళో పిల్లలకు కొత్త యూనిఫాం కోట్లు వచ్చాయి. పల్చటి బట్ట, ప్యాడింగు లేదు. ప్రార్థన సమయంలో నేను వరసల పక్కన నడుస్తున్నాను. ఒక పిల్లవాడు భుజం దించుకుని నిలబడ్డాడు. సరిగ్గా నిలబడరా అన్నాను. వాడు సరిగ్గానే నిలబడి ఉన్నాడు. వాడి వెనకవాడూ అంతే, వాడి వెనకవాడూ అంతే. వరస వరసంతా ఎడమ భుజాలు దిగి ఉన్నాయి. పిల్లలందరి మీదా మాస్టారు ఒంగి నిలబడ్డట్టు అనిపించింది నాకు.

ఇంటికెళ్ళి మా ఆయనకు చెప్పాను. ఆ కోట్లు ఎవరు కుట్టారో కనుక్కోమన్నారు. మర్నాడు బడి ఆఫీసులో అడిగితే గుమస్తా చిరునామా ఇచ్చాడు. మందుల షాపు మీద గది, బోర్డు లేదు. ఇద్దరం కలిసి వెళ్ళాం. తలుపు తీసింది మాస్టారి కూతురు.

మమ్మల్ని చూడగానే ఆమె మొహం పాలిపోయింది. అయినా లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది. రెండు మిషన్లు, గోడ వారన కట్టిన యూనిఫాం కట్టలు, కిటికీ దగ్గర పాత కంప్యూటరు. దాని తెర మీద మెడలో టేపు వేసుకుని, పెదవులు బిగించి, మాస్టారు మమ్మల్ని చూస్తున్నాడు. కింద ఉన్న తేదీ ఆయన బతికున్న ఏడాదిది.

మా ఆయన ఆ తేదీ వైపు చూపించారు. ఆమె దాచలేదు.

"రోజూ పొద్దున్నే వెనక్కి తిప్పుతాను బాబాయిగారూ. తిప్పకపోతే తాళం అడుగుతుంది. నాన్న ఉన్న ఏడాదిలోనే ఉంచితే అడగదు" అంది.

అన్న అన్నీ అమ్మేసే ముందు ఆమె ప్రోగ్రాంను కాపీ చేసుకుంది. తండ్రి పోయాక కొన్నాళ్ళు బట్టల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టిందట. దీని అండతోనే అది మానేసి, మా బడి పని సంపాదించుకుంది. మా ఆయన నెమ్మదిగా అడిగారు, ఇంకొకరి పేరున్నది ఎందుకు తీసుకున్నావమ్మా, నన్నడిగితే నీకు వేరేది చేసి ఇచ్చేవాణ్ణి కదా అని.

"ఇంకొకరి పేరా? మా నాన్న పేరండీ అది" అంది ఆమె. "ఆ పేరు లేకపోతే నేను తీసుకునేదాన్నే కాదు."

 ఎవరూ ఎత్తుకుపోకుండా ఉండాలని ఆయన పెట్టిన పేరు, ఆ ఫొటో, ఆ చెయ్యి, వాటికోసమే ఆమె ఎత్తుకుపోయింది. ఇన్నేళ్ళలో ఆయనకు తట్టని సంగతి అదొక్కటే. మేము ఏమీ తేల్చకుండానే మెట్లు దిగి వచ్చేశాం.

ఇంట్లో నేను ఊరుకోలేదు. నా నోరు ఎలాంటిదో మా వీధిలో అందరికీ తెలుసు. ఆమె కడుపు కొట్టకండి, చూడనట్టు వదిలెయ్యండి అన్నాను. అప్పటికే పిల్లల కోట్లు చూసి విషయం దర్జీల వీధిలో గుప్పుమంది. ఆ వారంలోనే కోట్లు కుట్టే మాస్టారు ఒకాయన ఫోను చేసి, పెద్దమాస్టారి కటింగు బజార్న పడిందట కదా, రేపు మా గతీ ఇంతేనా అని నిలదీశాడు. ఆ మాస్టారికి నమ్మకం పోతే వీధిలో అందరి నమ్మకమూ పోతుంది, మా ఆయన పనీ అక్కడితో సరి. అది నాకూ తెలుసు. అయినా కోపం ఆగలేదు.

"పోయిన మనిషికిచ్చిన మాట కోసం బతికున్న పిల్ల నోట్లో మట్టి కొడతారా?" అన్నాను.

"ఆయన ఉంటే వెళ్ళి కాళ్ళు పట్టుకునేవాణ్ణి. మాట వెనక్కి తీసుకో మాస్టారూ అని బతిమాలేవాణ్ణి" అన్నారు. "ఇప్పుడెవర్నడగను చెప్పు?"

ఆయన ఏడుస్తున్నారని తెలిసి గిన్నెలు గట్టిగా సర్దుకుంటూ ఉండిపోయాను.

ఆ ఆదివారం ఆయన గోధుమరంగు కాగితపు చుట్ట, టేపు తీసుకుని బయల్దేరారు. నన్ను రమ్మనలేదు, నేనూ వెళ్ళాను. ఏం చేస్తారోనని భయం, ఆ పిల్ల ఒంటరిగా ఉంటుందని బెంగ. గదిలోకి వెళ్ళాక ఆయన కంప్యూటర్ వైపు చూడలేదు. కాగితం బల్ల మీద పరిచి, ఒక పిల్లవాడి కోటు వెనకముక్క గియ్యమ్మా అన్నారు. కంప్యూటరు లేకుండా, చేత్తో.

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "నాకు చెయ్యి లేదు బాబాయిగారూ. నాకొచ్చింది కాజాలు. మిగతాదంతా నాన్నది."

"వచ్చినంతే గియ్యి" అన్నారు మా ఆయన.

ఆమె నా వైపు చూసింది. నేను తల ఊపాను. సుద్ద ఎడమచేతిలోకి తీసుకుంది. మొదటి గీత గీసి చెరిపేసింది. తర్వాత కుడి మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఒంగి, మళ్ళీ మొదలుపెట్టింది. కాగితాన్ని మధ్యకు మడవలేదు. మడవాలని కూడా ఆమెకు తోచలేదు. రెండు భుజాలూ విడివిడిగా గీసి, చంక వంపు తిప్పి, నడుము దాకా వచ్చి, చెమట తుడుచుకుని పక్కకు జరిగింది. ఎడమచేత్తోనే కత్తెర పట్టి కోసింది. మొత్తం అయ్యేసరికి ఆమె ఇచ్చిన కాఫీ నా చేతిలోనే చల్లారిపోయింది.

మా ఆయన టేపు పెట్టారు. ఒకసారి కొలిచి, నమ్మకం లేక మళ్ళీ కొలిచారు. తర్వాత ఆ కాగితాన్ని మధ్యకు మడిచి, రెండు భుజాలూ ఒకదాని మీద ఒకటి వచ్చేట్టు పెట్టి ఆమెకు చూపించారు. ఒక భుజం రెండోదానికంటే అరంగుళం దిగి ఉంది.  అచ్చం తండ్రి చెయ్యే అనుకున్నాను.

"మీ నాన్నకు ఎడమ" అన్నారు మా ఆయన. "నీకు దిగింది కుడి."

ఆమె ఆ కాగితాన్ని తీసుకుని కిటికీ వెలుతురులో పట్టుకుంది. మడత విప్పింది, మళ్ళీ మడిచింది. 

"నేను ఎదురుగా కూర్చునేదాన్ని కదా" అంది.

బల్లకు అవతల కూర్చుని, కాజాల మీద తల వంచి, చిన్నప్పటి నుంచీ ఆమె చూసిందంతా ఎదుటి వైపు నుంచే. ఆయన ఎడమ ఆమెకు కుడివైపున ఉండేది. కత్తెర ఇవ్వని తండ్రి దగ్గర, ఎవరూ నేర్పకుండా, కళ్ళతో నేర్చుకుంది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆమె మాత్రం గోడకు ఆనుకుని బిగ్గరగానే ఏడ్చింది. మా ఆయన కాగితాన్ని చుట్టి జాగ్రత్తగా చంకలో పెట్టుకున్నారు.

తర్వాత కొన్ని రోజులు ఆమె చెయ్యి కొలిచారు, అందరికీ కొలిచినట్టే. అందరి దగ్గరా తీసుకున్నంతే తీసుకున్నారు కూడా. నేను కళ్ళెర్రజేస్తే, కొనుక్కుంటేనే అది ఆమెదవుతుంది, దానమిస్తే మళ్ళీ ఎవరిదో చెయ్యి అవుతుంది అన్నారు.  తెర మీద పెట్టడానికి ఫొటో కావాలంటే ఆమె సిగ్గుపడింది. చివరికి టేపు మెడలో వేసుకుని, పెదవులు బిగించి నిలబడింది. అలా నిలబడితే ఎవరిలా ఉందో ఆమెకు చెప్పాలనిపించింది గాని చెప్పలేదు.

భుజం సరిచేయనా అని మా ఆయన అడిగారు. ఆమె ఆలోచించుకోలేదు.

"ఉండనివ్వండి బాబాయిగారూ" అంది.

ఇక మిగిలింది మాస్టారిది మూయడం. మా ఆయన కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు గాని, చేతులు ఒళ్ళోనే పెట్టుకున్నారు. అంతమందికి తాళాలు వేసిన మనిషికి ఆ రోజు చెయ్యి లేవలేదు. ఆమె ఆయన్ని లేవమంది. తను కూర్చుని తండ్రి మొహాన్ని ఒకసారి చూసుకుంది. తర్వాత రోజూ వెనక్కి తిప్పే తేదీని ముందుకు తిప్పి, ఆ రోజు తేదీ వేసింది. మాస్టారి ఫొటో పోయింది. ఆ చోట తాళం అంకె వెయ్యమని ఖాళీ గడి వచ్చింది. ఆ అంకె తెలిసిన మనిషి ఒక్కరే, ఆయన ఆమె పక్కనే నిలబడి ఉన్నారు. ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. నేనే వెళ్ళి కంప్యూటరు ఆపేశాను.

మరుసటి ఏడాది బడికి మళ్ళీ కొత్త కోట్లు వచ్చాయి. ప్రార్థన సమయంలో నేను వరసల పక్కనే నడిచాను. పిల్లలందరికీ ఈసారి కుడి భుజం కొంచెం దిగి ఉంది. కొత్తగా వచ్చిన టీచరొకామె వాళ్ళని సరిగ్గా నిలబడమని గదమాయిస్తుంటే, వాళ్ళు సరిగ్గానే ఉన్నారమ్మా అని చెప్పి ఆమెను పక్కకు తీసుకెళ్ళాను.